నీలం మూత, తెల్ల మూత

8 మార్చి 2025, శనివారం

వారం వారం అడగటాలు ఈ రోజుతో అయిపోయాయి. రెంటచింతల షెడ్డు నుంచి నరసరావుపేట రూముకు వచ్చి తలంటుకున్నా మిరపఘాటు ముక్కులోంచి పోలేదు. అరపూట కూర్చుంటేనే నాకిన్ని తుమ్ములు. అమ్మా, ఆమె కూలి ముఠాలోని మిగతా ఆడవాళ్ళూ పొద్దస్తమానం ఆ కుప్పల మధ్యే కూర్చుని ఎండుమిరపకాయల ముచ్చికలు తుంచుతారు. వాళ్ళ చేతుల మంట తగ్గించడానికే కదా నేను యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇన్నేళ్ళు ఎలుకల పాదాలకు జెల్ పూస్తూ కూర్చున్నది. ఎలుకలకు తగ్గింది. ఇప్పుడు మనుషుల వంతు.

రేపు ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పాలి, అందుకే రాసుకుంటున్నాను. ముఠాలో సగం మందికి నీలం మూత ట్యూబు, సగం మందికి తెల్ల మూత ట్యూబు. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త జిగురు. ఎవరికేది అన్నది చీటీలు తీసి తేల్చాం. దేంట్లో ఏముందో పూసుకునేవాళ్ళకూ తెలియకూడదు, అడిగే నాకూ తెలియకూడదు. మా ల్యాబ్ ప్రొఫెసర్ ఫణీంద్ర సార్‌కు ఒక్కరికే తెలియాలి. అయితే నింపే మనిషి దొరక్క ట్యూబులు నేనే నింపాను. మందు నీలం దాంట్లో ఉంది. తెలిస్తే ఏమైంది? అందరినీ ఒకటే ప్రశ్న అడిగాను. మంట ఎంత, సున్నా నుంచి పది దాకా.

నీలం మూత సాబిరక్కతో మొదలుపెట్టాను.

"అక్కా, పోయిన వారం మీద హాయిగానే ఉందిగా?"

"హాయిగానే ఉందమ్మాయ్."

రెండు వేశాను. పక్కనే తెల్ల మూత శౌరమ్మత్త.

"అత్తా, ఇంకా మండతానే ఉందా పాపం?"

"మండతానే ఉందమ్మా."

ఏడు వేశాను. ఇంత తేడా కళ్ళముందు కనపడుతుంటే లేచి గంతులెయ్యాలనిపించింది.

అమ్మకు చీటీలో తెల్ల మూతే వచ్చింది. "నాకేందే, బానే ఉంది" అంటుంది ప్రతి వారం. అడ్డదిడ్డంగా చెబితే లెక్క పాడవుతుందని గట్టిగానే అడిగాను.

"అమ్మా, నిజం చెప్పు. మంట ఉందా, లేదా?"

"ఏమని రాసుకుంటావు?"

"ఉన్నది చెప్పమంటున్నా."

"ఉంటే ఉందిలే, రాసుకో."

ఆరు వేశాను. నేను అనుకుంటే అమ్మకు చాటుగా నీలం మూత ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. ఆ మాత్రం నిజాయితీ నాకుంది.

21 ఏప్రిల్

"కొట్టావమ్మా జెస్సీ!"

ఫణీంద్ర సార్ కంప్యూటర్ నా వైపు తిప్పారు. నీలం మూత వాళ్ళ మంట వారం వారం దిగుతూ వచ్చింది. తెల్ల మూత వాళ్ళది ఉన్నచోటే ఉంది. గ్రాఫులో రెండు గీతలు కత్తెర నోరు తెరిచినట్టు విడిపోయాయి. సార్ పూతరేకులు తెప్పించి స్టాఫ్ రూమంతా పంచారు. పరిశోధనలను బయటికి తీసుకెళ్ళడానికని యూనివర్సిటీ ఒక సెంటర్ పెట్టి, దాన్ని సార్ నెత్తిన పెట్టింది. ఇప్పటిదాకా అక్కడినుంచి బయటికి వెళ్ళింది బ్రోచర్లే. నా జెల్ మొదటిది.

అమ్మకు ఫోన్ చేశాను. "అట్టనా? మంచిదేగా. తిన్నావా?" అంది.

12 జూన్

హైదరాబాద్ కంపెనీ నుంచి రోహిణి గారు వచ్చారు. మనిషి సూటిగా మాట్లాడుతుంది, నవ్వు తక్కువ. పేటెంటు యూనివర్సిటీది, తయారీ, అమ్మకం కంపెనీవి. ఆగస్టులో సంతకాలు. దాంతోపాటే నా కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తానన్నారు సార్.

యూనివర్సిటీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. "మిర్చి కూలీ కూతురు, మిరప మంటకు మందు." కింద నా ఫొటో, పెళ్ళిచూపుల్లో ఇచ్చే నవ్వుతో. ఇదేం చోద్యం అని అందరిముందూ విసుక్కున్నాను. ఎవరూ లేనప్పుడు సెల్‌లో ఫొటో తీసుకున్నాను.

3 ఆగస్టు, ఆదివారం

సంతకాల సభకు ముఠాను పిలవడానికి రెంటచింతల వెళ్ళాను. చర్చిలో పూజ అయ్యాక అమ్మా నేనూ నాగేంద్రమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. ముఠాకు పెద్ద ఆవిడే. పని మాట్లాడేదీ, కూలి పంచేదీ, తగాదాలు తీర్చేదీ అంతా ఆవిడే. కాసేపటికి అందరూ అరుగు మీద చేరారు.

"మళ్ళా ఆ ట్యూబులు ఇస్తారా అమ్మాయ్?" అంది పెద్దమ్మ.

"ఇస్తాం పెద్దమ్మా. ఈసారి అందరికీ నీలం మూతవే."

"ఏ మూతైతే ఏందమ్మా, బేసిన్లో పడేదేగా."

బేసిన్ ఏందన్నాను. సాబిరక్క పకపకా నవ్వింది.

"మొదటిరోజే శౌరమ్మ పేచీ పెట్టుకుందిలే. నాకు తెల్లది ఎందుకిచ్చారు, నీలందే మంచిదేమో అని ఒకటే గోల."

"ముఠాలో ఒకళ్ళకు ఒక తీరు, ఇంకొకళ్ళకు ఇంకో తీరు ఏంది?" అంది పెద్దమ్మ. "కూలొచ్చినా, రైతు నాలుగు మామిడికాయలిచ్చినా కలిపి పంచుకునేదేగా మనం. అందుకని అన్నీ బేసిన్లో పిండి, బాగా కలియబెట్టి, ఎవరి డబ్బాకి వాళ్ళకి సర్దా. ఒక్కళ్ళకి కూడా ఎక్కువ తక్కువ పోనీలా."

చానా న్యాయం చేసిన మనిషి మొహం పెట్టింది. నిజంగా న్యాయమే చేసింది.

"ఎవరిది వాళ్ళే పూసుకోమని చెప్పాను కదా. వారం వారం ట్యూబులు చూశాను కూడా."

"ఖాళీయి నువ్వు అడుగుతావని దాచాం. చెప్పబాకండి, పిల్ల కోప్పడిద్ది అంది మీ అమ్మ."

అమ్మ వైపు చూశాను. స్తంభానికి ఆనుకుని పైట సర్దుకుంటోంది. సభకు అందరూ రండి అని చెప్పి నరసరావుపేట బస్సు వచ్చేదాకా కూడా ఆగకుండా ఆటో ఎక్కాను.

4 ఆగస్టు

కలిపితే ఏమైంది? మందు సగానికి పలచబడి ఉంటుంది. అయినా పనిచేసింది. అంటే అది చాలా గట్టి మందన్నమాట. ఒకరకంగా శుభవార్తే.

5 ఆగస్టు

గట్టి మందే.

6 ఆగస్టు

క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోయాను. పిల్లలు నా మొహం చూస్తున్నారు.

అందరూ ఒకే బేసిన్లోది పూసుకున్నారు. మరి నీలం మూత వాళ్ళకే తగ్గి, తెల్ల మూత వాళ్ళకు తగ్గకపోవడం ఏమిటి? మందు మూత రంగు చూసి పనిచేస్తుందా?

సాబిరక్కను హాయిగానే ఉందిగా అని అడిగాను. హాయిగానే ఉందంది. శౌరమ్మత్తను ఇంకా మండుతోందా పాపం అన్నాను. మండుతోందంది. అమ్మ బాగానే ఉందంటే, మంట ఉందనిపించేదాకా వదల్లేదు. గ్రాఫులో విడిపోయిన ఆ గీతలు మందు వల్ల రాలేదు. నేను అడిగిన తీరు వల్ల వచ్చాయి.

ఒకటే ప్రశ్న అడిగానని ఎన్ని చోట్ల చెప్పాను! చెప్పిన ప్రతిసారీ నమ్మాను కూడా. సిగ్గుతో ఒళ్ళంతా కుంచించుకుపోతోంది. నా పిల్లలెవరైనా ఈ పని చేసి ఉంటే ప్రాజెక్టు చింపి మొహాన కొట్టేదాన్ని.

8 ఆగస్టు

సార్‌కు చెప్పాను. తలుపు వేసి కూర్చున్నారు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నువ్వు దొంగ అంకెలు వెయ్యలేదుగా?"

"లేదు సార్. వాళ్ళు చెప్పిన మాటకు తగ్గ అంకే వేశాను. కానీ చెప్పించింది నేనే."

"వాళ్ళు చెప్పారు, మనం రాశాం. అమ్మకానికి ముందు కంపెనీ ఎటూ పెద్ద ట్రయల్ చేస్తుంది. పనిచేయకపోతే అక్కడ తేలుద్ది. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే సెంటర్ మూతపడిద్ది. ఇంక పల్నాడు మొహం ఏ కంపెనీ చూడదు. నీ వెనక వచ్చే పిల్లల సంగతి ఆలోచించు."

ఆలోచిస్తానన్నాను. మెట్లు దిగుతుంటే నాకు వచ్చింది దుఃఖం కాదు, హమ్మయ్య అనే ఊపిరి. అది ఇంకా సిగ్గుగా ఉంది.

14 ఆగస్టు

సంతకాలు అయ్యాయి. ముఠా అంతా బస్సులో వచ్చారు, పట్టుచీరలు, తలనిండా పూలు. ఆడిటోరియం ఏసీకి పైటలు కప్పుకుని ముందు వరసలో కూర్చున్నారు. నేను తేలుకుట్టిన దొంగలా వేదిక మీద నవ్వుతూ కూర్చున్నాను.

రోహిణి గారు అమ్మను పైకి పిలిచి మైకు ఇచ్చారు. అమ్మ ఎప్పుడూ మైకు పట్టుకున్న మనిషి కాదు. అయినా తడబడలేదు.

"మా పిల్ల చేసిన మందు పూసుకుంటే మంటనేదే తెలవట్లా" అంది. చప్పట్లు. ఫొటోగ్రాఫరు చేతులు చూపించమన్నాడు. చూపించింది. అరచేతుల్లో పొరలు లేచి ఉన్నాయి, వేళ్ళ సందుల్లో ఎర్రగా. అన్ని లైట్ల కింద నాకే కనపడినట్టుంది.

భోజనాల దగ్గర పక్కకు లాగి అడిగాను, ఎందుకట్లా చెప్పావని.

"మేం ఎప్పుడైనా ఇంకోరకంగా చెప్పామా? నీకేం కావాలో నీ మొహం చూస్తే తెలవదా ఏందే? అందరం అట్టాగే చెప్పాం."

సాంబారు పోయించుకోవడానికి వెళ్ళిపోయింది.

15 ఆగస్టు

చెప్పలేదు.

17 ఆగస్టు, ఆదివారం

పూజకు వెళ్ళలేదు. ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేయాల్సి వస్తుందని కాదు. తలనొప్పి.

27 ఆగస్టు

రోహిణి గారు ఫోన్ చేశారు, గొంతులో మొదటిసారి ఉత్సాహం. మిర్చి షెడ్ల యజమానులతో మాట్లాడారట. వచ్చే సీజన్‌కు కూలీలందరికీ చేతి గ్లౌజులు ఇవ్వడానికి వాళ్ళు ముందే ఒప్పుకుని ఉన్నారు. ఇప్పుడు గ్లౌజులు మానేసి వాటి బదులు మన జెల్ పంచుతారట.

"పెద్ద ట్రయల్ అయ్యాక కదండీ?" అన్నాను.

"దాంతోపాటే. మీ ఫలితాలు చూశాక ఎవరికీ అనుమానం లేదు."

ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ పోలేదుగా అని నాకు నేను జోకొట్టుకుంటున్నాను. ఇప్పుడు పోతోంది. ఆ గ్లౌజుల కోసం పెద్దమ్మ ఎన్ని షెడ్ల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు. నా అబద్ధం చూసి వాటిని లాక్కుంటున్నారు.

30 ఆగస్టు

చెప్పాను. సార్‌ను అడగలేదు. రోహిణి గారికి ఫోన్ చేసి బేసిన్ సంగతి, ట్యూబులు నేనే నింపిన సంగతి, నేను అడిగిన తీరు, అన్నీ చెప్పాను.

"ఇది మెయిల్‌లో రాయగలరా?" అన్నారు ఆవిడ.

రాశాను. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి కూడా పంపాను. గ్లౌజులు ఆపొద్దని మొదటి వాక్యంలోనే పెట్టాను. ఒక్కటైనా సరిగ్గా పెట్టాను.

9 సెప్టెంబరు

ఒప్పందం నిలిచిపోయింది. నా పర్మనెంట్ ఫైలు కూడా. గేటు మీద ఫ్లెక్సీ తీశారు, కట్టుతాళ్ళు మాత్రం వేలాడుతున్నాయి.

"నాతో ఒక్క మాట చెప్పి చేయాల్సింది" అన్నారు సార్. ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. తిట్టినా బాగుండేది. నేను స్టాఫ్ రూములోకి వెళ్తే మాటలు ఆగుతాయి. ఎవరో వాళ్ళ పిల్లాడి పరీక్షలో కాపీ గురించి మాట్లాడుకుంటుంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

21 సెప్టెంబరు, ఆదివారం

కంపెనీకి చెప్పగలిగాను. ముఠాకు చెప్పడానికి ఇన్ని రోజులు పట్టింది.

అదే అరుగు. సగం ట్యూబుల్లో మందు లేదని చెప్పాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సాబిరక్క లేచి నిలబడింది.

"ఉత్త జిగురా? మాకా?"

"మొదటిరోజు కాయితం చదివి చెప్పాను అక్కా. సగం మందికి మందు ఉండదని."

"నువ్వు చదివావు, మేం ఊకొట్టాం. ఫిలోమినా కూతురు గదా, మనకెందుకు తక్కువ చేసిద్దిలే అని. వేరేవాళ్ళయితే నాలుగు మాట్లు అడిగేవాళ్ళం."

ఆ మాట గుండెల్లో దిగింది. కాయితం గబగబా చదివేసింది నేనే. మనవాళ్ళే కదా, అర్థమవుతుందిలే అనుకున్నాను. మనవాళ్ళు కాకపోతే ఆగి ఆగి చదివేదాన్ని.

"అయితే మేం అబద్ధాలు చెప్పామనా?" అంది శౌరమ్మత్త.

"మీరు చెప్పలేదత్తా. నేను చెప్పించాను."

"బేసిన్లో పొయ్యబట్టి సరిపోయింది. లేకపోతే సగం మంది నోట్లో మన్ను కొట్టేదానివి" అంది నాగేంద్రమ్మ పెద్దమ్మ, ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఎవరూ కూర్చోమనలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ అన్నం పెట్టింది. తినలేకపోయాను.

19 అక్టోబరు

ముఠా వాళ్ళు అమ్మను పనికి పిలుస్తున్నారా అని ఫోన్‌లో అడిగాను. "పిలవక ఏం చేస్తారు? నీ మీద కోపం నా మీద చూపిస్తారా ఏందే?" అంది. చూపిస్తున్నారని గొంతులోనే తెలిసింది.

18 డిసెంబరు

రోహిణి గారి ఫోన్.

"మీ మందు పనిచేయదని ఎవరూ తేల్చలేదు కదా జెస్సీ గారు. పనిచేస్తుందనీ తేల్లేదు. ఎలుకల ఫలితాలు మా వాళ్ళు మళ్ళీ చేసి చూశారు, అవి సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి సవ్యంగా."

ఎందుకు నమ్ముతున్నారు నన్ను అని అడిగాను.

"నమ్మట్లేదు. అందుకే ట్యూబులు మేమే నింపుతాం, మూతలన్నీ ఒకే రంగు. అడిగే మనిషి వేరే. మీరు షెడ్డులో అడుగు పెట్టకూడదు, ఒక్క జవాబు కూడా వినకూడదు. మరి వాళ్ళు మళ్ళీ కలిపేసుకుంటే?"

ఇన్ని నెలలుగా నా బుర్రలో తిరుగుతున్నది ఒకటుంది. చెప్పాను. పంచుకోవద్దని ముఠాకు చెప్పలేం. చెప్పినా వినరు, వినాల్సిన పని కూడా లేదు. అందుకని ఒక ముఠా మొత్తానికి ఒకటే ఇద్దాం. కొన్ని ముఠాలకు మందు, కొన్ని ముఠాలకు జిగురు. ఎంత కలుపుకున్నా ఫరవాలేదు. గ్లౌజులు మాత్రం అందరికీ.

"రాసి పంపండి" అన్నారు. సార్‌కు కూడా పంపాను. గంటలోపే ఎర్ర అక్షరాలతో సవరణలు వచ్చాయి, అడుగున "బాగుంది" అని.

11 జనవరి 2026, ఆదివారం

నాగేంద్రమ్మ పెద్దమ్మను అడగడానికి వెళ్ళాను. ఈసారి కాయితం ఆగి ఆగి చదివాను. ప్రతి వాక్యం దగ్గరా సాబిరక్క అడ్డం పడి అడిగింది. అడగనిచ్చాను.

"మా ముఠాకి ఉత్తది వస్తే?" అంది పెద్దమ్మ.

"రావచ్చు పెద్దమ్మా."

"ఎవరికేదో నీకు తెలిసిద్దా?"

"తెలియదు. తెలియనివ్వరు."

పెద్దమ్మ నా మొహంలోకి చూసింది.

"అయితే సరే" అంది.

14 ఫిబ్రవరి 2026, శనివారం

అడగడానికి మాచర్ల నుంచి షంషాద్ అనే నర్సు వస్తోంది. నెమ్మదైన అమ్మాయి. ఈ రోజు బస్సు తప్పిపోయిందని ఫోన్ చేస్తే అమ్మ ఇంటి దగ్గరున్న నేనే స్కూటీ మీద వెళ్ళి తీసుకొచ్చాను. షెడ్డు గేటు బయటే దింపాను. లోపలికి వెళ్ళలేదు. స్కూటీ స్టార్ట్ కాలేదు, ఎండకు మొరాయించింది. నిజంగానే మొరాయించింది, సాకు కాదు. కిక్ కొడుతూ నిలబడ్డాను. షెడ్డుకు గోడ లేదు, రేకులే.

"పేరు?" అంటోంది షంషాద్.

"ఫిలోమినా."

"చేతులు ఎట్టా ఉంటున్నాయి?"

అంతే అడిగింది. ఇంకేమీ కలపకుండా ఊరుకుంది. అమ్మ బానే ఉందంటుంది, నాకు తెలుసు అనుకున్నాను.

"మండిద్దమ్మా" అంది అమ్మ. "చానా మండిద్ది. అన్నం కలుపుకోలేను. చెంచాతో తింటా."

"ఎప్పటినుంచి?"

"మా పిల్ల చంటిదప్పటి నుంచి. సీజను వస్తే దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. ఏడిస్తే కళ్ళు తుడవాలని ఉండేది. నా చెయ్యి తగిలితే ఇంకా ఏడుస్తదని పక్కింటోళ్ళకు ఇచ్చేదాన్ని. అది నా దగ్గరకు రావడమే మానేసింది."

ఇన్నేళ్ళూ నేను అనుకున్నది వేరు. అమ్మకు నా మీద పెద్ద ప్రేమ లేదనుకున్నాను. ఎలుకల పాదాల సంగతి కూడా ఆరా తీసి తెలుసుకున్నాను, ఈ ఒక్క మాట ఎప్పుడూ అడగలేదు. మంట ఎంతని అడిగినప్పుడు కూడా నాకు కావలసింది అంకె.

ఏడుపు ఆగలేదు. లోపలికి పరిగెత్తి ఆ చేతులు పట్టుకోవాలనిపించింది.

"ఈ ట్యూబు పూసుకున్నాక ఎట్టా ఉంది?" అంది షంషాద్.

ఆ జవాబు నేను వినకూడదు. స్టాండు తీసి, స్కూటీ తోసుకుంటూ రోడ్డు మీదకు వచ్చేశాను.